ఎనిమిది కాళ్ల స్టాఫ్

మొన్న మరిపెడలో మా బడి తోట చూడటానికి వ్యవసాయశాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, మాట కూడా నెమ్మది. వంగమొక్కల మధ్య గూడు కట్టుకున్న సాలీడును పిల్లలకు చూపించి, "వీటిని చంపకూడదు. ఇవి మనకు మిత్రులు. పంటను పాడుచేసే పురుగుల్ని తింటాయి" అని చెప్పింది. చెప్పింది అక్షరాలా నిజం. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. పిల్లల ముందు హెడ్మాస్టరు కిసుక్కుమంటే ఏం బాగుంటుంది? ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. ఏమీ అనుకోవద్దని బతిమాలి, చాయ్ తాగించి పంపాను గానీ నవ్వెందుకు వచ్చిందో చెప్పలేకపోయాను. చెప్పాలంటే జనగామలో మా ఇంటి యజమాని సంగతి మొదలుపెట్టాలి. అది చాయ్ చల్లారేలోగా తెమిలే సంగతి కాదు.

మిత్రులు అనే మాట ఆయన ఒప్పుకునేవాడు కాదు. "మిత్రుడేంది సారూ! మిత్రుడైతె చాయ్ తాగి పోతడు. వీళ్లు డ్యూటీ చేస్తాండ్రు. స్టాఫ్ అనాలె" అనేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి ఆయన్ను ఎవరూ పిలవగా నేను వినలేదు. బస్సు నడిపేవాడు కాబట్టి వాడకట్టు మొత్తానికి డ్రైవరన్న. ఆయన భార్యను నేను అక్కా అనేవాణ్ణి. ఆమెకు కోపమొస్తే "డ్రైవర్ సాబ్" అని పిలిచేది, అప్పుడు ఆయన చెప్పులు వెతుక్కునేవాడు. నేనప్పుడు చిల్పూరు దగ్గరి ఊళ్లో కొత్తగా చేరిన పంతుల్ని. పెళ్లి కాలేదు. జనగామ చివర వాళ్లింట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను.

మనిషి ఎత్తరి. కానీ ఎవరికైనా ముందు కనిపించేది మనిషి కాదు, మీసం. రెండు కొసలూ పైకి లేచి, అద్దం చూసుకోకుండానే సమానంగా నిలబడే మీసం అది. సీటులో కూర్చోగానే పక్క అద్దాన్ని సరిచేసుకున్నట్టే దాన్నీ ఒకసారి సరిచేసుకునేవాడు. ఆ రూటులో జనం టైము చూసి బస్సెక్కేవారు కాదు, "మీసాలాయన బండి వచ్చిందా" అని అడిగి ఎక్కేవారు.

అంతటి మనిషికి సాలెపురుగంటే ప్రాణభయం. ఒకసారి చిల్పూరు దారిలో బస్సు నడుపుతుండగా, ముందద్దం పైనుంచి ఒక సాలెపురుగు దారం పట్టుకుని నింపాదిగా ఆయన ముక్కు ముందుకు దిగిందట. నడిరోడ్డు మీద బ్రేకు. ఏమైందని జనం దిగారు. "ఇంజన్ వేడెక్కింది" అని చెప్పి ఈయన పోయి చేను గట్టు మీద కూర్చున్నాడు. కండక్టరు దాన్ని బయటికి సాగనంపాక గానీ మళ్లీ సీటెక్కలేదు. ఆ కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి డిపో అంతా తెలిసిపోయింది. ఏళ్లు గడిచినా ఎవరో ఒకరు "అన్నా, ఇంజన్ చల్లగుందా?" అని అడుగుతూనే ఉండేవారు.

అలాంటివాడు తన పెరట్లో ఒక్క సాలెపురుగును కూడా చంపనిచ్చేవాడు కాదు.

పెరడంటే ఇంటి వెనక ఐదారు గుంటల జాగా. వంగ, బెండ, గోరుచిక్కుడు మడులు, పందిళ్ల మీద బీర, సోర తీగలు. కంచె పొడవునా కలుపుగా మొలిచి తెల్లగా పూసే గునుగు మొక్కల్ని పీకకుండా అలాగే వదిలేశాడు. పెరట్లోకి అడుగుపెట్టే ముందు ఆగి, నోటితో "పీప్, పీప్" అని హారన్ కొట్టేవాడు. మొదటిసారి విన్నప్పుడు నా వెనక ఏదో బండి వచ్చిందనుకుని పక్కకు దూకాను.

"వాళ్ల రూటుల మనం పోతానం సారూ. హారన్ కొట్టకుంట పోతె ఎట్ల?" అన్నాడు. చేతిలో మూరెడు కడ్డీ ఉండేది. ఆకు ఎత్తాలన్నా కాయ చూడాలన్నా దానితోనే. సాలెపురుగులకూ ఆయనకూ మధ్య ఆ మూరెడు దూరం ఎప్పుడూ ఉండాలి.

ఆ రోజు ఆ కడ్డీతోనే నాకు స్టాఫ్ మొత్తాన్ని పరిచయం చేశాడు. బీర పందిరి కింద పెద్ద గూడు, దాని నడుమ తెల్లదారంతో కుట్టినట్టు వంకర గీతలు, వాటి మీద కాళ్లు చాపుకుని పసుపు చారల సాలీడు. "గీయన బస్టాండు కంట్రోలర్. చూడు, సంతకం పెట్టి కుర్సీల కూసున్నడు. లేవడు." వంగాకు మీద గింజంతది ఒకటి తల తిప్పి మమ్మల్నే చూసి, చటుక్కున ఎగిరి పక్క ఆకు మీది దోమను పట్టింది. "వీళ్లు చెకింగోళ్లు. ఏ స్టేజిల ఎక్కుతరో ఎవ్వలకు తెల్వది." పొద్దుగూకాక గూడు కట్టి తెల్లారేసరికి చుట్టబెట్టుకుపోయే రకానికి నైట్ అవుట్ సర్వీసని పేరు పెట్టాడు. చివరికి గునుగు మొక్కల దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"గా పువ్వుల ఎవరన్న కనవడుతాండ్రా?"

నాకు పువ్వే కనిపించింది. కడ్డీ కొసతో కొంచెం వంచి చూపించాడు. పువ్వు రంగులోనే తెల్లటి సాలీడు ఒకటి, ముందు కాళ్లు చాపి కదలకుండా కూర్చుంది. "మఫ్టీ పోలీసు" అన్నాడు.

నవ్వీ నవ్వీ, "గంత భయమైతె తీసేయరాదే అన్నా?" అని అడిగాను.

"ఇల్లు కట్టిన ఏడు తీసేసిన సారూ. మందు కొట్టిన. పురుగు చచ్చింది, వీళ్లు చచ్చిండ్రు. నేను మస్తు ఖుషీ. పదిహేను దినాలకు పురుగు మల్ల వచ్చింది, వీళ్లు రాలె. రెక్కల పురుగు కాయకొక గుడ్డు పెట్టి పోయింది. టికెట్ అడిగెటోడు లేడు. గా ఏడు ఒక్క వంకాయ మంచిది తినలె." కాసేపు కంట్రోలర్ వైపే చూసి అన్నాడు: "భయం నాది సారూ. తప్పు వాళ్లది కాదు."

మాట బాగుందనుకున్నాను. కానీ ఈ కథలన్నిటినీ కథలుగానే విన్నాను. తీయడానికి భయపడేవాడు తీయకపోవడానికి సాకులు చెబుతున్నాడని లోలోపల అనుకున్నాను. చదువుకున్నవాడి తెలివి అలాగే ఉంటుంది.

రాష్ట్రం కోసం అందరూ సమ్మెకు దిగిన ఏడు అది. బడులు మూసేశాం. బస్సులు డిపో దాటలేదు. బస్టాండు ముందు షామియానా వేసి పొద్దంతా అక్కడే కూర్చునేవాళ్లం. ఇంటికో పిడికెడు బియ్యం తెచ్చి, అక్కడే రాళ్ల పొయ్యి మీద వండుకుని తినేవాళ్లం. జీతాల్లేవు గానీ ఆ రోజుల్లో ఉన్నంత హుషారు మా ఊళ్లలో నేను మళ్లీ చూడలేదు.

మొదటిరోజే కూర ఎక్కణ్నుంచి అన్న ప్రశ్న వచ్చింది. డ్రైవరన్న లేచి నిలబడ్డాడు. "సమ్మె ఎన్ని దినాలుంటె అన్ని దినాలు శిబిరం కూర మా పెరట్లకెల్లే. ఒక్కనాడు తప్పినా మీసం తీసేస్త!"

చప్పట్లు మోగాయి. నువ్వుగింజ నానని కండక్టరు మాత్రం, "అందరు సాక్షులుండ్రి, యాదుంచుకోండ్రి" అన్నాడు.

రోజుకో తట్ట కూరగాయలు వచ్చేవి. తట్ట నెత్తిన పెట్టుకుని మీసం తిప్పుకుంటూ ఆయన శిబిరంలోకి రావడమే ఒక ఊరేగింపు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, ముందురోజు అక్క, "సారూ, రేపు ఎంగిలిపూల బతుకమ్మ. రోడ్డు మీదనే ఆడుతమంటాండ్రు. జర గునుగు పూలు తెచ్చిపెడ్తవా?" అని అడిగింది. ఊరవతల చేలల్లోకి పోయి తెస్తానన్నాను. తెల్లారి తుంపర పడుతోంది. డ్రైవరన్న తట్ట తీసుకుని శిబిరానికి వెళ్లాడు. అక్క వంటింట్లో ఉంది. ఇంటి వెనకే నడుమెత్తు గునుగు ఉండగా బురదలో పోవడమెందుకని, కొడవలి తీసుకుని కంచె పొడవునా మొదలంటా కోసేశాను. కోసినవాణ్ణి అక్కడితో ఆగాల్సింది. పండుగ ముందు బూజు దులపడం మా అమ్మ నేర్పిన పని. పాపం, భయపడే మనిషి, ఆయన చేయలేని పని నేను చేసిపెడితే సంతోషిస్తాడని బూజుకర్ర తెచ్చి పందిళ్లు, కంచె, మడులు అన్నీ శుభ్రంగా దులిపాను. కిందపడ్డవాటిని చెప్పుతో తొక్కాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం ఆయన వచ్చి, గడప దగ్గర ఆగి "పీప్, పీప్" అన్నాడు. లోపలికి చూశాడు. మూడో హారన్ గొంతులోనే ఆగిపోయింది.

"డిపో మొత్తం సస్పెండ్ చేసినవా సారూ?"

"నీకు భయం గద అన్నా, అందుకే..."

"నేను చెప్పిన గదనే. భయం నాది అని."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కడ్డీ గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం పెద్దరోడ్డు మీద బతుకమ్మలు వరుసగా పెట్టారు. అక్కది నడుమ ఉంది, నా గునుగుతో పేర్చింది. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ తిరుగుతున్నారు. రెండు పక్కలా లారీలు ఆగిపోయాయి. మగవాళ్లం అంచున నిలబడ్డాం. రెండో చుట్టు కూడా కాకముందే ఒకామె కెవ్వుమంది. బతుకమ్మ మీదినుంచి తెల్లటి సాలీడు ఒకటి తారురోడ్డు మీదికి దిగుతోంది. వలయం విడిపోయింది. ఒక పెద్దమనిషి చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగుండ్రి! తొక్కకుండ్రి! మఫ్టీ పోలీసు!" అని అరుస్తూ డ్రైవరన్న జనాన్ని తోసుకుని ఆడవాళ్ల మధ్యలోకి ఉరికాడు. చాయ్ బండి దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డ పొట్టిక్రాపు మనిషి ఒకడు ఆ మాటకు గ్లాసు పెట్టేసి గబగబా నడిచి వెళ్లిపోవడం మేమందరం చూశాం. కానీ నవ్వే తీరిక లేదు. డ్రైవరన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. కడ్డీ లేదు, కర్ర లేదు. కళ్లు గట్టిగా మూసుకుని అరచేయి రోడ్డు మీద చాపాడు. సాలీడు ఎక్కింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. రెండో చేయి మెల్లగా మూత పెట్టాడు.

"సారూ, నువ్వు నాతోటి నడువు" అన్నాడు.

రోడ్డు నుంచి ఇంటిదాకా ఆ చేతుల్ని నిప్పు మోస్తున్నట్టు ముందుకు చాపి నడిచాడు. నేను పక్కనే. దారి పొడవునా ఒకటే మాట: "కదులుతాండు సారూ... అయ్యో, కదులుతాండు... వేళ్ల నడుమకు వచ్చిండు... నువ్వేదన్న మాట్లాడు సారూ!" నాకు ఏం మాట్లాడాలో తోచక ఎక్కాలు చెప్పాను. పదమూడో ఎక్కం దగ్గర ఇల్లొచ్చింది. కోసేసిన గునుగు మొదళ్ల దగ్గర చేతులు తెరిచి, దాన్ని దింపి, వెళ్లి బాయి దగ్గర తొట్లో మోచేతుల దాకా కడుక్కున్నాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాటినుంచి ఇద్దరం పొద్దున్నే చేను గట్లు పట్టుకుని తిరిగాం. డ్యూటీకి తీసుకుపోయే నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఆయన తెచ్చేవాడు. పట్టడం నా పని, మూరెడు దూరం నుంచి చూపించడం ఆయన పని. "ఒక్క గిన్నెల ఇద్దర్ని ఎక్కియ్యకు. దిగెటప్పుడు ఒకడే దిగుతడు" అని మొదటిరోజే హెచ్చరించాడు. రోజుకు నలుగురు కొత్త స్టాఫ్. కానీ తొక్కిన సంఖ్యకు తెచ్చిన సంఖ్య ఏ మూలకు? పైగా తెచ్చినవన్నీ నిలవలేదు.

దసరా వచ్చేసరికి వంకాయలకు బొక్కలు పడ్డాయి. బెండకాయ కోస్తే లోపల పురుగు. తట్ట సగానికి వచ్చింది. ఆ తర్వాత అడుగుకు వచ్చింది. కండక్టరు రోజూ తట్టలోకి తొంగి చూసి, మీసం వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్లేవాడు. నేను బజారులో కొని రహస్యంగా తట్టలో కలుపుతానన్నాను. "మా పెరట్లకెల్లి అని చెప్పిన సారూ" అన్నాడు. నేనా మాట మళ్లీ ఎత్తలేదు.

దసరా పోయిన వారానికి ఒక పొద్దున తట్ట ఖాళీ. ఆఖరి సోరకాయ ముందురోజే అయిపోయింది. ఇద్దరం పెరట్లో నిలబడ్డాం. అక్క వచ్చి చూసి, కంచె దిక్కు చెయ్యి చూపించింది. నేను కోసేసిన గునుగు మొదళ్ల నుంచి లేత చిగుళ్లు గుత్తులు గుత్తులుగా లేచాయి.

"గంత పరేషాన్ ఎందుకయ్యా? గునుగాకు కూర తినమా? పప్పుల వేస్తె మంచిగుంటది. పెరట్లదే గద!"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నా తప్పే ఆయన మీసం కాపాడబోతోంది! కొడవలి నేనే తెచ్చి ఇచ్చాను. ఆయన కూర్చున్నాడు. ఒక గుత్తిని పట్టుకోబోయి ఆగాడు. ఆకుపచ్చ చిగురు కొసన తెల్లటి మఫ్టీ పోలీసు, ముందు కాళ్లు చాపి. కాళ్ల మధ్య రెక్కల పురుగు ఒకటి.

"గాడే సారూ. డ్యూటీ ఎక్కిండు."

"ఇంకో దిక్కు కొయ్యి అన్నా."

"మొత్తం కోస్తె గని శిబిరానికి సరిపోదు. మొత్తం కోస్తె వీడు యాడుంటడు?" కొడవలి కింద పెట్టాడు. "వీన్ని చేతులల్ల పట్టుకొచ్చిన సారూ."

అక్కకు కోపమొచ్చింది. "డ్రైవర్ సాబ్! ఒక్క పురుగు కోసం మీసం తీసుకుంటవా?"

లేచి చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "మీసం మల్ల వస్తది. వీడు పోతె మల్ల రాడు."

ఆయన మంగలి దుకాణంలో కూర్చుంటే నేను బయట నిలబడ్డాను. లోపలికి చూసే ధైర్యం లేకపోయింది. కాసేపటికి బయటికొచ్చిన మనిషిని ఒక క్షణం పోల్చుకోలేదు. మూతి తెల్లగా, చిన్నగా, ఎవరి పిల్లవాడో అన్నట్టు ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేనూ వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాను. నాది సన్న మీసం, పోయినా ఎవరూ గమనించలేదు.

శిబిరంలో ఖాళీ తట్ట ముందు పెట్టి, "మాట తప్పిన. మీసం తీసేసిన. ఇయ్యాల పచ్చిపులుసే" అన్నాడు. నేను లేచి జరిగిందంతా, గునుగు, బూజుకర్ర, చెప్పు, చిగురు అన్నీ చెప్పాను. అందరూ కండక్టరు వైపు చూశారు. అతను చాలాసేపు డ్రైవరన్న మూతినే చూసి మెల్లగా అడిగాడు: "అన్నా, ఇంజన్ చల్లగుందా?"

షామియానా కూలిపోయేంత నవ్వు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. మర్నాడు తెల్లారకముందే కండక్టరు మా గడప ముందు ఉన్నాడు. చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. "నాష్తా అనుకొని మూత తియ్యకుండ్రి" అన్నాడు. ఆ వారంలో శిబిరం సగం మంది క్యారియర్లతో వచ్చారు. కొందరు ఇంటి దూలాలకుండే పొడుగు కాళ్లవాటిని తెస్తే, "గీళ్లు ఆఫీసు స్టాఫ్, ఎండల పనిచెయ్యరు" అని డ్రైవరన్న వాపసు పంపాడు. సమ్మె ముగిసే నాటికి మళ్లీ సగం తట్ట బెండకాయలు శిబిరానికి వచ్చాయి. మీసం మొలవడానికి మాత్రం ఇంకా టైము పట్టింది.

రాష్ట్రం వచ్చింది. నాకు బదిలీలయ్యాయి. ఆయన రిటైరయ్యాడు. ఆయన పోయినప్పుడు నేను వెళ్లలేకపోయాను, కబురు అందేసరికి రెండు రోజులు దాటింది. మొన్న ఆ అమ్మాయిని నవ్వి నొప్పించాక ఉండబట్టలేక, ఆదివారం జనగామ వెళ్లాను. ముందు గదిలో దండ వేసిన ఫొటో. మీసం లేదు. శిబిరంలో ఎవరో తీసిన ఫొటో అది, వెనక షామియానా గుంజ కూడా ఉంది.

"గంత మంచి మీసాల ఫొటోలుండంగ గిదెందుకక్కా?" అన్నాను.

"ఆయన్నే చెప్పిపెట్టుకున్నడు సారూ. మీసమున్నన్ని దినాలు అందరు మీసాన్నే చూసిండ్రు, నన్ను చూసింది గా ఒక్కపారే అని."

ఫొటోలోని మనిషిని అప్పుడు నిదానంగా చూశాను. నవ్వుతున్నాడు, బాయి దగ్గర చేతులు కడుక్కుని నవ్విన నవ్వే. నాకు ఏడుపు ఆగలేదు. అక్క కాసేపు చూసి, "పెరట్ల బీరకాయలున్నయ్, కోసుకపో సారూ" అని సంచి చేతికిచ్చింది.

వెనక తలుపు తీశాను. కంచె పొడవునా గునుగు తెల్లగా పూసి ఉంది. గడప మీద కాలు పెట్టబోయి ఆగాను. వెనక అక్క చూస్తోందని కూడా గుర్తులేదు. "పీప్, పీప్" అన్నాను.